దుమ్ము నిర్దోషి అన్న వాదం

మిందేలు, జూలై 20

చిన్నప్పుడు నాకు జ్ఞానస్నానం ఇప్పించిన పూజ్యురాలైన జ్ఞానతల్లి దుల్సెలీనాకు ఇవనిల్డా నమస్కారాలు.

"ఎడారి దుమ్ము మన వానను మింగేస్తుంటే, ఈ పిల్ల దాన్నే వెనకేసుకొస్తోంది!" మన సాంతు అంతావ్ దీవిలో, ఆర్లిండు సారా కొట్టు దగ్గర నాపై మోపిన నేరం ఇది. జవాబు చెబుతాను. ఆవిరి దానంతటదే చినుకైపోదు. కూర్చోవడానికి దానికొక రేణువు కావాలి. ఎడారి గాలి సముద్రం మీదుగా మోసుకొచ్చేది ఆ పీటనే. కాబట్టి దుమ్ము నిర్దోషి.

మీ మేడ మీద నేను పెట్టి వచ్చిన ఆరు తెల్ల పళ్ళేలే నాకు ఆధారం. అవి ఫలిస్తేనే అక్టోబరులో పరిశోధన నౌకలో నాకు చోటు. జాగ్రత్తగా చూసుకోండి.

మీ ఇవనిల్డా

తా.క. మీ మేకను మేడ ఎక్కనివ్వకండి. అది నా వ్యాసం ఒకటి తిని అరిగించుకుంది. ఇక్కడ కాలేజీలో మా ఆచార్యుడి వల్ల అదీ కాలేదు.

సాంతు అంతావ్, సెప్టెంబరు 8

బంగారు తల్లి ఇవనిల్డాకు దీవెనలు.

నీ పళ్ళేలకు ఏ లోటూ రానివ్వలేదే. మోకాళ్ళు పట్టేసినా ప్రతి శనివారం మెట్లెక్కి, ఆరింటినీ అద్దాల్లా కడుగుతున్నా. ఆదివారం చర్చి నుంచి వస్తూ అందరూ మన మేడకేసే చూస్తారు. దుమ్ము కనబడితే దుల్సెలీనాకు ఒళ్ళు బరువెక్కిందనరూ? మొక్కజొన్న మొలకలు మాత్రం వాడిపోతున్నాయి.

నీ జ్ఞానతల్లి

తా.క. మేక రాలేదు. ఖాళీ పళ్ళేల కోసం అదెందుకొస్తుంది?

మిందేలు, సెప్టెంబరు 12

జ్ఞానతల్లికి,

మీరు కడిగినవి పళ్ళేలు కావు, నా సాక్షులు! అంత సముద్రం దాటి వచ్చిన దుమ్మును గుమ్మంలోనే హతమార్చారు. నౌకలో చోటు పోయినట్టే. శుభ్రత సద్గుణమని తెలుసు. ఇంత విధ్వంసకరమని తెలియదు.

ఇవనిల్డా

తా.క. మేకకు నా క్షమాపణలు చెప్పండి. అది తిన్నది ఒక్క వ్యాసమే.

సాంతు అంతావ్, సెప్టెంబరు 16

అమ్మాయీ, తిట్టడం అయిందా?

కడిగానన్నా గానీ పారబోశానన్నానా? లోయలోకి దిగి నీళ్ళు మోసుకొచ్చే ఊళ్ళో, కడిగిన నీళ్ళు పారబోసే ఆడది ఎవత్తే? ఏ శనివారానికా శనివారం ఒక సారా సీసాలో పోశా. తేరిన నీళ్ళు బొప్పాయి చెట్టుకు, మడ్డి సీసాలోనే. ఏడు సీసాలూ తేదీలు రాసి లాంచీలో పంపుతున్నా.

ఇంకో మాట. మడ్డి ఎక్కువున్న వారాల్లో మబ్బు కొండమీద కూర్చుంది గానీ చినుకు రాల్చలేదు. పలచని వారాల్లోనే రెండు జల్లులు పడ్డాయి. దానికేమంటావే, పెద్ద ప్లీడరమ్మా?

నీ జ్ఞానతల్లి

తా.క. రెండో సీసా ఆర్లిండు ఇచ్చాడు, కడిగే ఇచ్చానంటాడు. మీ ఆచార్యుణ్ణి మరీ దగ్గరగా వాసన చూడొద్దను.

మిందేలు, అక్టోబరు 3

జ్ఞానతల్లికీ, కొట్టు ముందు ఈ ఉత్తరం వినే పెద్దలందరికీ నమస్కారం.

నౌకలో చోటు దొరికింది. నా వాదం వల్ల కాదు, దాన్ని కూల్చిన సీసాల వల్ల. రేణువులు మితిమీరితే ఉన్న కాస్త ఆవిరినీ అన్నీ పంచుకుంటాయి. ఏ బిందువూ రాలేంత బరువెక్కదు. పైగా దుమ్ము ఎండను అడ్డుకుని సముద్రాన్ని చల్లబరుస్తుంది. దానితో తుపానులూ తగ్గవచ్చు, వానలూ తగ్గవచ్చు. కనుక "నిర్దోషి" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. "దోషి" అని మాత్రం అనను. ఏడు వారాలు తీర్పుకు చాలవు. వాడిన మీ మొలకలకు ఇంతకంటే గట్టి జవాబు రావాలి.

అందుకే మిమ్మల్ని పట్టుబట్టి అడుగుతున్నాను: ప్రతి మేడ మీదా ఒక పళ్ళెం పెట్టండి. శనివారం కడగండి. సీసా మీద తేదీ, మబ్బు, వాన రాయండి. మూడేళ్ళు. ఈలోగా దుమ్ము మీద తీర్పు చెప్పేవారెవరైనా సరే, ముందు సీసా బల్లమీద పెట్టి, తరువాత నోరు తెరవండి!

మీ ఇవనిల్డా