అడక్కుండా చెప్పిన మాట

చిత్వాన్, నేపాల్
12-6-1999

అమ్మకు ఏంజెల్ వందనాలు. నాకు జ్వరం తగ్గింది, భయపడకు.

పరిశోధనకు వచ్చిన మా ఐదుగురు విద్యార్థులకు నన్నే లీడర్‌ని చేశారని రాశాను కదా. ఆ పెద్దరికంతోనే తప్పు చేశాను. ఇక్కడి మహిళా సంఘం అధ్యక్షురాలిని నేను ప్రశ్నలు అడుగుతుంటే, తనకు చదవడం రాదని, పదేళ్లుగా ఆ సంగతి దాచుకొస్తున్నానని మెల్లగా హిందీలో చెప్పింది. మొన్న మీటింగులో రాత్రిబడికి అందరినీ ఒప్పించాలన్న ఆవేశంలో, "మీ అధ్యక్షురాలికే చదువు రాదు" అనేశాను. ఆమె తల వంచుకుని లేచి వెళ్లిపోయింది. మరునాడు పదవి వదిలేసింది. ఇంటికి వెళ్లి కాళ్లు పట్టుకున్నాను. టీ ఇచ్చి, "నిన్ను కూతురనుకుని చెప్పాను" అంది. రాత్రిబడి మొదలైంది. ఆమె మాత్రం రావడం లేదు.

అవ్వ కంటి ఆపరేషన్ అయిందా? తమ్ముణ్ణి శామీర్‌పేట చెరువులో ఈతకు పోనివ్వకు.

అమ్మా, నన్ను ఇక్కడికి ఎంపిక చేసిన ఇంటర్వ్యూలో నీ సంగతి ఒకటి చెప్పాను. "గిది నీకొక్కదానికే చెప్తున్న, ఎవ్వరికి చెప్పకు బిడ్డా" అన్నావే, అదే. వాళ్లు చప్పట్లు కొడితే పొంగిపోయాను. ఈ పోస్టుకార్డు దారిలో అందరూ చదువుతారు కాబట్టి అదేమిటో రాయను. వచ్చాక నీ పక్కన కూర్చుని ఒప్పుకుంటాను. కొట్టినా పడతాను.

నాయినను, అవ్వను అడిగానని చెప్పు. ఆదివారం ప్రార్థనలో ఆ అధ్యక్షురాలిని తలుచుకో. పేరు మాత్రం నన్ను అడగకు.

నీ ఏంజెల్