బీడీల అరుగు మీద చెప్పిన మాట

చెల్లె గంగమణీ,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. పొద్దున నీ పేరున దీపం పెట్టాను.

నీ ప్రాణం తీసిన ఎయిడ్స్ గురించి చెబుతామని నిన్న దవాఖానవాళ్లు వేల్పూర్ చౌరస్తాలో మైకు పెట్టారు. అంతమంది మగవాళ్ల ముందర "నిరోధ్" అనగానే ఆడవాళ్లంతా కొంగు కప్పుకుని ఇళ్లకు పోయారు. నేను ఆగి అడిగాను.

"సారూ, ఒక ఆడామెను మా అరుగు మీదికి తోలుండ్రి. బీడీలు చుట్టేటప్పుడు మా కండ్లు చేతుల మీదనే ఉంటయి. ఏ మాటైనా సిగ్గులేకుంట వింటం."

"అట్ల పంపే రూలు లేదమ్మా."

పోయినేడూ ఇదే జవాబు. నీ బిడ్డ సుజాత మొగుడేమో సోమవారం దుబాయి నుంచి వస్తున్నాడు. ఇంకెవరి కోసం ఆగాలి?

ఇవాళ అరుగు మీద బీడీ ఆకు కత్తిరిస్తూ నేనే సుజాతకు చెప్పాను. "నిన్ను గన్న మీ అవ్వది ఉత్త జ్వరం కాదు బిడ్డా, ఎయిడ్స్. గది మొగని నుంచి పెండ్లానికి అంటుతది. అల్లుడు రాంగనే ఇద్దరు పోయి రక్తం సూపిచ్చుకోండ్రి. అందాక నిరోధ్ లేంది దగ్గరికి రానియ్యకు."

పక్కన బీడీలు చుడుతున్న లచ్చవ్వ నవ్వింది. "పూజలు జేసే అక్క నోట్లెకెల్లి గా మాటనా!"

సుజాత ఒళ్లోని బీడీల చాట మీదనుంచి తల ఎత్తలేదు. కత్తెర మాత్రం ఆగింది. అప్పుడు అడిగింది.

"ఏ దవాఖానకు పోవాలె పెద్దవ్వా?"

నీ పెద్దక్క