అత్తమ్మ నోటితోనే చెప్పించాను

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ తర్వాత నన్నే ఈ ఇంటి కోడలిగా తెచ్చుకున్నారు.

నిజాం మీద పోలీసు చర్య జరిగిన రోజుల్లో నీకు మూత్రంలో మంట, నడుంనొప్పి, చలిజ్వరం వస్తే, వేడి చేసిందంది అత్తమ్మ. మగ డాక్టరుకు ఇలాంటివి చెప్పుకుంటారా అంది. మాటిమాటికీ పెరట్లోకి పోతున్నావని నీ నీళ్ల చెంబు లాక్కుని అటక మీద పెట్టింది. ఆ దాహంతోనే నువ్వు పోయావు.

ఇప్పుడు అదే రోగం ఆమెకొచ్చింది. మోండా మార్కెట్ వెనకున్న డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను.

"నువ్వే చెప్పు బిడ్డా, నాకు సిగ్గయితది."

"మీరే చెప్పాలె అత్తమ్మా."

నలుగురి ముందూ తలవంచుకుని చెప్పింది. డాక్టరు సల్ఫా మాత్రలు రాశాడు. "నీళ్లు మస్తుగ తాగాలమ్మా. ఊకుంటే కిడ్నీలకెక్కి పానం తీస్తది" అన్నాడు.

"జెర మల్లొకసారి చెప్పండి సారూ, అత్తమ్మకు సరిగ్గ వినిపించలే" అన్నాను.

మళ్లీ చెప్పాడు. ఆమె నా వైపు చూడలేదు.

ఇంటికొచ్చి నీ చెంబు దించి తోమాను. ఒక్క మాత్ర కూడా తప్పనివ్వను. ఆమె చావకూడదక్కా. నీ చెంబుతో నీళ్లు తాగుతూ చాలా ఏళ్లు బతకాలి.