స్లాక్‌లో రమ్మన్నాడు

2 మార్చి 1955, ఆదోని

ఇవాళ నా బతుకుకు ఒక దారి కనిపించింది. బొంబాయి మిల్లు ఏజెంటు దస్తూర్ గారు జిన్నింగ్ ఫ్యాక్టరీకి వచ్చాడు. నేను పింజ లాగి పోగు పొడవు చెప్తే తలెత్తి చూశాడు. మాకు పత్తి చూసి ఎంచే కాటన్ సెలెక్టర్ కావాలి, వస్తావా అన్నాడు. అంతా ఇంగ్లీషే. మిషన్ల రొదలో సగం వినపడలేదు. ఆదివారం క్లబ్బుకు రా, మాట్లాడదాం, స్లాక్‌లో రా అన్నది మాత్రం చెవిన పడింది.

స్లాక్‌లో అంటే సీజను అయిపోయి, పత్తి గింజలు తీసే జిన్నులు మూతపడ్డాక. మా మండీలో ఎవరినడిగినా చెప్తారు. అంటే జూలైలో ఒక ఆదివారం. సరే, సీజన్లో ఆయనకు మాత్రం తీరికెక్కడిది?

నాయనకు చెప్పలేదు. చెప్తే కొంప మునుగుతుంది. వీరభద్రయ్య కొడుకు ఒకరి కింద ఉద్యోగమా అంటాడు. ఆయన మండీ, ఆయన గద్దె, పక్కన నేను. ఇట్లాగే చచ్చిపోతానేమో అని భయం.

9 మార్చి

క్లబ్బులోకి పంచెతో పోతే అందరూ వింతగా చూస్తారట. నాకు ఒక్క ప్యాంటూ లేదు. ఈశ్వరమ్మకు చెప్పాను. మీరు ప్యాంటేసుకుంటే నేను పోలిక పట్టేదెట్ల అని ఒకటే నవ్వు. పెళ్లాం కూడా ఇంతే.

20 మార్చి, ఎమ్మిగనూరు

ఆదోనిలో కుట్టిస్తే సాయంత్రానికి నాయనకు తెలుస్తుంది. అందుకే ఇక్కడికి వచ్చాను. దర్జీ రంగప్ప మిలిటరీ వాళ్లకు కుట్టినవాడు. ఎప్పుడేసుకునేదప్పా, పనికా, ఆటకా, షికారుకా అని అడిగాడు. ప్యాంటంటే ప్యాంటు కాదా అన్నాను. అయ్యో రామా! ఖాకీ డ్రిల్లు పనికట. తెల్ల డక్కు గుడ్డ టెన్నిస్‌కట. వదులుగా, నడుము దగ్గర కుచ్చులు పెట్టింది సాయంత్రం షికారుకు. ఇస్త్రీ గీత నిలిచే గ్యాబర్డీన్ ఆఫీసుకు. నాడా ఉంటే పైజామా, అది గడప దాటకూడదు. వీటికి పేర్లేమిటి అంటే, నేనన్నిటినీ ఇజారే అంటానప్పా, పేర్లన్నీ దొరలు పెట్టుకుండేటివి అన్నాడు.

ఉద్యోగం మాట కదా. గ్యాబర్డీన్ కుట్టమన్నాను.

17 ఏప్రిల్

గది తలుపేసుకుని కొత్త ప్యాంటు తొడిగాను. కింద కూర్చోబోతే మోకాళ్ల దగ్గర పట్టేసింది. ఈశ్వరమ్మ ఈసారి నవ్వలేదు. బాగుండారు అంది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

5 మే

జిన్నులు ఇంకా ఆడుతున్నాయి. ఎప్పుడు ఆగుతాయిరా దేవుడా.

10 జూలై, ఆదివారం

అంతా అయిపోయింది.

సాయంత్రం క్లబ్బుకు పోయాను. దస్తూర్ గారు వరండాలో కూర్చుని ఉన్నాడు. గుర్తుపట్టడానికే కాసేపు పట్టింది. మార్చిలో రమ్మన్నాను, ఏమైపోయావయ్యా అన్నాడు. మీరు స్లాక్‌లో రమ్మన్నారు కదా సార్, ఇప్పుడే జిన్నులు ఆగాయి అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. అప్పుడు తన మోకాలి మీది బట్టను రెండు వేళ్లతో పట్టుకుని చూపించాడు. స్లాక్స్ అంటే ఇది అన్నాడు. వదులు ప్యాంటు. షికారుకు వేసుకునేది. పంచెతో వస్తే క్లబ్బులో ఇబ్బంది పడతానని నా మంచికే చెప్పాడట.

ఉద్యోగం ఏప్రిల్లోనే బళ్లారి మనిషికి ఇచ్చేశారు.

చుట్టూ ఉన్నవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఇది ఆఫీసు ప్యాంటు, ఇదీ తప్పే అన్నాడొకడు. దస్తూర్ గారు నవ్వలేదు. టీ తాగిపొమ్మన్నాడు. తాగలేకపోయాను.

నా బుద్ధి మండ! పత్తిలో వెంట్రుకవాసి తేడా పట్టేవాణ్ణి. ఒక మాట చివర ‘స్’ పట్టుకోలేకపోయాను. ఆయన బట్ట పేరు చెప్తే నేను నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఎవరిని తిట్టుకోవాలి?

11 జూలై

నాయనకు తెలిసిపోయింది. తిట్టలేదు. మనకెందుకప్పా ఆ ఇజార్లు, మన గద్దె మనకుండాది కదా అన్నాడు. అన్నం పెట్టమని ఈశ్వరమ్మను ఆయనే కేకేశాడు. తిట్టినా బాగుండేది.

23 ఫిబ్రవరి 1956

బళ్లారి ఆయన పత్తి కొనడానికి మండీకి వచ్చాడు. వేసుకున్నది స్లాక్సే. గుర్తుపట్టాను.

నాయన పక్కన గద్దె మీదున్న నన్ను సేఠ్ అని పిలిచాడు. పలికాను.