నీ పేరు పెట్టిన నీళ్లు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే రొయ్యల చెరువుల ఆసామి మనింటికి వచ్చాడు. ఎవరి పొక్లెయిన్‌కి అడ్డంగా పేట ఆడవాళ్లతో కలిసి పడుకున్నావో, ఎవరు కేసు పెట్టించి నిన్ను పోలీసు జీపెక్కించారో, ఆయనే. చేతిలో స్వీట్ల పెట్టె కూడానూ.

మన పేటలో ఫిల్టర్ నీళ్ల ప్లాంటు కట్టించాడట. రేపే ఓపెనింగ్. దానికి నీ పేరు పెట్టి, గోడ మీద నీ బొమ్మ కూడా వేయించాడట! ఎంత ధైర్యమో చూడు.

"మీ అక్కగారు నీళ్ల కోసమే కదండీ పోరాడారు. రిబ్బను మీరే కత్తిరించాలండి" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నువ్వు అడిగింది టిన్నుల్లో నీళ్లా? చెరువుల ఉప్పు మన నూతిలోకి దిగనివ్వొద్దని కదా! ఆ నూతి నీళ్లతో ఇవాళ్టికీ పప్పు ఉడకదు. నూతిని పాడు చేసినవాడు దాత, నువ్వేమో ఆయన గోడ మీద బొమ్మవి.

ఇంటికొచ్చిన మనిషికి ముందు మంచినీళ్లివ్వడం అమ్మ నేర్పిన మర్యాద. లోపలికెళ్లి ఆ నూతి నీళ్లే గ్లాసుతో తెచ్చిచ్చాను.

"పుచ్చుకోండి. మా అక్క చివరిదాకా తాగిన నీళ్లేనండి" అన్నాను.

ఆయన గ్లాసు వంక చూశాడు. "ఇప్పుడే కాఫీ తాగొచ్చానండి" అంటూ లేచాడు.

రేపు వెళ్తాను అక్కా. రిబ్బను ముట్టుకునే ముందు, పేటంతా చూస్తుండగా, ఇదే గ్లాసు మళ్లీ ఆయన చేతికిస్తాను. అక్కడ ఏం తాగొచ్చానంటాడో చూస్తాను.

నీ చెల్లి