నాకు ఇనరాని కూత

లాల్‌దర్వాజా, 12-6-84

కృష్ణక్కకు తమ్ముడు దుర్గయ్య దండాలు. ఇక్కడ అందరం మంచిగున్నం, ఫికర్ చెయ్యకు.

పురుషోత్తం సేటు పాత కారుల రేడియో తీసి కొత్త టేపురికార్డు బిగించిన. ఇంజను చాలు చేస్తే పాటల సన్నగ కూత వస్తుందన్నడు. నాకైతే పాట సాఫుగనే ఇనొచ్చింది. స్పీకర్లు మార్చిన, కండెన్సర్ ఏసిన. "ఇంకా కూస్తనే ఉన్నది భాయ్, నీకు ఇనొస్తలేదా?" అన్నడు. ఆఖరికి సేటు వాళ్లమ్మను వెనక సీట్ల కూసోబెట్టి, ఒక్కొక్క వైరు కదిలించుకుంట "ఆగిందా అమ్మా?" అని అడిగిన. ఎర్తు వైరు కాడ తుప్పు గీకి గట్టిగ బిగించంగనే "ఆగింది బిడ్డా" అన్నది. సేటు ఖుష్ అయిండు. నేను మాత్రం ఆ కూత ఒక్కసారి గూడ ఇనలేదక్కా. అప్పటిసంది పనిల మనసు నిలుస్తలేదు. నా బతుకంత చెవుల మీదనే గద.

పంపిన తొక్కు డబ్బా ముట్టింది. చిన్నోని జ్వరం తగ్గిందా? బాపుకు చెవులు మందమైనప్పుడు ఆయనకు ఎన్నేండ్లు? నాకిప్పుడు ముప్పై ఆరు. దాచకుంట రాయి. నీ మరదలు నీలమ్మకు ఇదేం చెప్పలే. బావకు నమస్తే, పిల్లలకు దీవెనలు. జవాబు కార్డు ఇంటికి ఎయ్యకు, దుకాణానికి ఎయ్యి.

దుర్గయ్య