హైమ కూనిరాగం

విజయవాడ,
27-3-1975.

వదినగారికి మీ మరదలు నమస్కరించి రాసేది.

శ్రీరామనవమికి హైమను తీసుకుని పామర్రు రమ్మని రాశారు. రాలేమండీ. కారణం మీ తమ్ముడు చెప్పరు గనక నేనే రాస్తున్నాను.

ఆరేళ్ళొచ్చినా పిల్లకి మాట రాలేదని, ఎవరి దిష్టో తగిలిందని, క్రితంసారి మీరు ఎండుమిరపకాయలు దిగదుడిచి కుంపట్లో వేశారు. రోజంతా కూనిరాగం తీసే పిల్ల ఆ పొగకి ఠక్కున ఆపేసింది. "చూశారా, ఎంత కుదురుగా కూర్చుందో!" అని అందరూ మురిసిపోయారు. అది కుదురు కాదు వదినగారూ. దానికి ఊపిరాడలేదు. ఆడటం లేదని చెప్పడానికి మాట లేదు. నేను దొడ్లోంచి వచ్చేసరికి పెదవులు నీలం తిరిగాయి.

ఇక్కడి డాక్టరుగారు మాట రాకపోవడానికి ఆటిజం అని పేరు చెప్పారు. దానికి ఉబ్బసం కూడా ఉందట, పొగ తగలకూడదట. రెండూ దీనికే ఎందుకు వచ్చాయో ఆయనకీ తెలియదట.

ఆ రాగం భరించలేక పక్క వాటావాళ్ళు మా గడప తొక్కడం మానేశారు. మీ తమ్ముడు ఆటోనగర్ షెడ్డులోనే పొద్దుపుచ్చుతున్నారు. మమ్మల్ని రమ్మని పిలిచేది మీరొక్కరే. అందుకే రాలేమని రాయడానికి చెయ్యాడలేదు.

మీరే ఒకసారి రండి. దిష్టి తియ్యొద్దు, సాంబ్రాణి వెయ్యొద్దు. మధ్యాహ్నం పూట దాని పక్కన ఊరికే కూర్చోండి, చాలు. అది కూనిరాగం తీస్తున్నంతసేపూ నేను కాస్త కన్ను మూస్తాను.

ఆగితే మాత్రం నన్ను లేపండి.

మీ మరదలు